నెట్ లేని ల్యాబ్‌లో 36 సిస్టమ్స్‌కి పైథాన్, వీఎస్ కోడ్, జీసీసీ ఎక్కించాలి, పెన్‌డ్రైవ్ తప్ప దారి లేదు

ల్యాబ్_మూడో_నంబర్:

నమస్తే అండి అందరికీ. గుంటూరు వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా మూడో నంబర్ ల్యాబ్‌లో 36 సిస్టమ్స్ ఉన్నాయి, స్విచ్‌తో ఒకదానికొకటి కలిపే ఉన్నాయి గానీ బయటికి నెట్ లేదు. ఎగ్జామ్‌లో పిల్లలు నెట్‌లో చూసి రాసేస్తున్నారని రెండేళ్ల కింద పై నుంచి వచ్చే కేబుల్ పీకేశారు, ఆ కేబుల్ ఇప్పటికీ గోడకి చుట్ట చుట్టి వేలాడుతోంది, మళ్లీ పెట్టమంటే ఒప్పుకోరు, అడిగి చూశా. ఇన్నాళ్లూ సీ ల్యాబ్ ఒక్కటే కాబట్టి టర్బో సీ నీలం స్క్రీన్‌తో లాక్కొచ్చేశాం. ఈ సెమిస్టర్ నుంచి పైథాన్‌తో డేటా సైన్స్ ల్యాబ్ వచ్చి పడింది, సీ కూడా ఇక జీసీసీ కంపైలర్‌లోనే చేయించాలంటున్నారు కొత్త మేడం గారు.

నేను చేసింది ఏంటంటే, పైథాన్ సెటప్ ఫైల్ ఇంటి దగ్గర దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఒక సిస్టమ్‌లో వేశా, అది బానే ఎక్కింది. తర్వాత డేటా సైన్స్‌కి కావలసిన పాండాస్ లైబ్రరీ కోసం, నెట్ నుంచి లైబ్రరీలు దించి ఎక్కించే పిప్‌తో పిప్ ఇన్‌స్టాల్ పాండాస్ అని కొడితే రీట్రయింగ్ రీట్రయింగ్ అని అయిదు సార్లు తిప్పి చివర్లో గెట్‌యాడర్‌ఇన్ఫో ఫెయిల్డ్ అని చేతులెత్తేసింది. సరే అని నా లాప్‌టాప్‌లో ఆల్రెడీ పాండాస్ ఉంది కదా, లైబ్రరీలుండే దాని సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి ఇక్కడ పడేశా. పాండాస్‌కి ఆధారమైన నమ్‌పైని ఇంపోర్ట్ నమ్‌పై అనగానే స్క్రీన్ నిండా ఎర్రర్, మధ్యలో పెద్ద అక్షరాలతో ఇంపార్టెంట్ ప్లీజ్ రీడ్ దిస్ అని, కింద సీ-ఎక్స్‌టెన్షన్స్ ఫెయిల్డ్ అని. లాప్‌టాప్‌లో 3.12, ల్యాబ్‌లో వేసింది 3.10, అదేనా కారణం?

కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్ అయితే ఇంకా వింత, నేను అడ్మిన్ లాగిన్‌లో వేస్తే నాకు కనపడుతోంది, స్టూడెంట్ లాగిన్‌లో ఐకానే లేదు.

ఇంట్లో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి 2 జీబీ. ఇంకో తొమ్మిది రోజుల్లో మొదటి ల్యాబ్ క్లాస్. మా హెచ్‌ఓడీ గారేమో "ఫైలే కదయ్యా, కాపీ కొట్టడానికి ఇంత సేపా" అంటున్నారు. ఎవరన్నా ఇలా చేసినవాళ్లు ఉంటే వివరంగా చెప్పండి ప్లీజ్.

హాట్‌స్పాట్_హీరో:

ఇంత సీన్ ఎందుకు బ్రో, ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఒక్కో సిస్టమ్‌కి పది నిమిషాలు ఇవ్వు, పిప్ కొట్టు, కట్ చెయ్. అయిపోయె.

పెన్‌డ్రైవ్_మాస్టారు:

హీరో గారూ, ఆ పని నేనూ చేశానండి ఒకప్పుడు. డెస్క్‌టాప్‌కి వైఫై ఉండదు కాబట్టి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టా. రెండేళ్లుగా నెట్ మొహం చూడని విండోస్ 10 అది, నెట్ తగలగానే ముందు దాని అప్‌డేట్లు మొదలెట్టింది, నేను పిప్ అని టైప్ చేసేలోపు డేటా అయిపోయిందని ఫోన్‌కి మెసేజ్. ఆ కనెక్షన్‌ని మీటర్డ్ అని పెడితే కొంత ఆగుతుంది గానీ 36 సార్లు అదే పాండాస్‌ని దించడం మాత్రం తెలివైన పని కాదు.

ఇక మూడో నంబర్ గారూ, మీ ఊహ కరెక్టే, గొడవంతా ఆ 3.12, 3.10 దగ్గరే. ఆ ఎర్రర్‌లోనే కింద చూడండి, పైథాన్ వెర్షన్ ఈజ్ అని 3.10 చూపిస్తుంది. నమ్‌పై లోపల సీలో రాసి కంపైల్ చేసిన ముక్కలు ఉంటాయి, అవి ఏ పైథాన్ కోసం కంపైల్ చేశారో దానికే పనికొస్తాయి. అందుకే ఫోల్డర్ కాపీ చెయ్యకూడదు, వీల్ ఫైళ్లు (ఫలానా పైథాన్‌కి అని రెడీగా ప్యాక్ చేసిన లైబ్రరీ ఫైళ్లు) తెచ్చుకోవాలి. వీల్ ఫైల్ పేరు చదవడం వస్తే సగం పని అయినట్టే: పాండాస్ అని మొదలై, వెర్షన్ ఉండి, తర్వాత సీపీ310 అని ఉంటే పైథాన్ 3.10 కి, చివర్లో విన్_ఏఎండీ64 అని ఉంటే 64 బిట్ విండోస్‌కి. (ఏఎండీ అని చూసి మాది ఇంటెల్ ప్రాసెసర్ అని కంగారు పడకండి, 64 బిట్‌కి ఆ పేరు అలా స్థిరపడిపోయింది, మా స్టూడెంట్ ఒకడు దీని మీద గంట సేపు వాదించాడు.) పీవై3-నన్-ఎనీ అని ఉంటే అది ఎక్కడైనా నడుస్తుంది.

రెండోది, పాండాస్ ఒక్కతే రాదండి. పెళ్లికి ఒకర్ని పిలిస్తే బంధుబలగంతో దిగినట్టు నమ్‌పై, డేట్‌యుటిల్, పైటీజెడ్, టీజెడ్‌డేటా వస్తాయి, డేట్‌యుటిల్ వెనకాల సిక్స్ వస్తుంది. గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అయితే పిల్లో, కివీసాల్వర్, కాంటూర్‌పై, సైక్లర్, ఫాంట్‌టూల్స్ ఇలా ఇంకో దండు. చేత్తో ఒక్కోటి వెతికి దించుకోవాలని చూస్తే తొమ్మిది రోజులు చాలవు.

కాబట్టి ఇలా చెయ్యండి. మీ లాప్‌టాప్‌లో 3.12 ని కదిలించకుండా పక్కనే 3.10.11 కూడా వేసుకోండి, 3.10 లో విండోస్ ఇన్‌స్టాలర్ ఇచ్చిన ఆఖరిది అదే, దాని తర్వాతవి సోర్స్ మాత్రమే ఇస్తున్నారు. ల్యాబ్‌లోనూ అదే వెయ్యండి. అప్పుడు లాప్‌టాప్‌లో (కమాండ్లు తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి):

పీవై -3.10 -ఎం పిప్ డౌన్‌లోడ్ -డి వీల్స్ పాండాస్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ సైకిట్-లెర్న్

ఆ వీల్స్ ఫోల్డర్‌లోకి మొత్తం బలగం దిగుతుంది, రెండొందల ఎంబీ లోపే, మీ 2 జీబీలో హాయిగా సరిపోతుంది. దాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్లి:

పీవై -3.10 -ఎం పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్=వీల్స్ పాండాస్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ సైకిట్-లెర్న్

--నో-ఇండెక్స్ మర్చిపోతే పిప్ అలవాటు ప్రకారం ముందు బయటికే పరిగెడుతుంది, మీకు మళ్లీ ఆ రీట్రయింగ్ దర్శనమే.

మీ సిస్టమ్స్ స్విచ్ మీద ఉన్నాయన్నారు కదా, అది పెద్ద వరం. ఒక సిస్టమ్‌లో ఫోల్డర్ షేర్ చేసి మిగతా 35 కీ అక్కడి నుంచే ఇవ్వండి, పెన్‌డ్రైవ్ 36 సార్లు గుచ్చకండి, ఏ సిస్టమ్‌లో షార్ట్‌కట్ వైరస్ కూర్చుని ఉందో తెలీదు, ఒకదాన్నుంచి అన్నిటికీ అంటించేస్తారు. పైథాన్ సెటప్‌ని కూడా చేత్తో నెక్స్ట్ నెక్స్ట్ కొట్టక్కర్లేదు, సెటప్ పేరు పక్కన /క్వైట్ ఇన్‌స్టాల్‌ఆల్‌యూజర్స్=1 ప్రీపెండ్‌పాత్=1 అని ఇస్తే గుట్టుగా అదే ఎక్కేస్తుంది. ఈ రెండు లైన్లూ ఒక బ్యాచ్ ఫైల్‌లో రాసి షేర్‌లో పెట్టండి, ఒక్కో సిస్టమ్ దగ్గరికీ వెళ్లి రైట్ క్లిక్, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్, అంతే.

వీఎస్ కోడ్ సంగతి రేపు రాస్తా, కరెంట్ పోయేలా ఉంది.

గేటు_బయట_ఫోన్:

మాస్టారు చెప్పింది మస్తుగుంది, నేను ఇంకో కోణం చెప్త.

నేను హైదరాబాద్‌ల ఒక సైట్‌ల కాంట్రాక్ట్ మీద పనిచేస్తున్న, ఏ సైట్ అని అడగకుర్రి. పొద్దున గేటు దగ్గర ఫోన్, స్మార్ట్ వాచ్, పెన్‌డ్రైవ్ అన్నీ లాకర్ల పెట్టి టోకెన్ తీసుకుని లోపలికి పోవాలె. లోపల మెషీన్లకు నెట్ అన్నదే లేదు. ఏదన్న సాఫ్ట్‌వేర్ లోపలికి పోవాలంటే డీవీడీ రాయాలె, దాని మీద మార్కర్‌తో నంబర్ రాయాలె, ఫారంల ప్రతి ఫైల్ పేరు, సైజు, షా256 హ్యాష్ (ఫైల్ మారలేదని చూసే వేలిముద్ర లాంటిది) నింపాలె, రెండు సంతకాలు, తర్వాత వాళ్లు స్కాన్ చేసి లోపలి సర్వర్‌ల వేస్తరు. మంచిగ నడిస్తే నాలుగు రోజులు, సంతకం పెట్టే సార్ లీవ్ మీదుంటే పది రోజులు. పోయిన డీవీడీ వాపస్ రాదు, లోపల్నే ముక్కలు చేస్తరు.

ఇప్పుడు సమజైందా, మాకు ఒక్క ఫైల్ మర్చిపోతే దాని ఖరీదు వారం.

మాది జావా ప్రాజెక్ట్. మొదటిసారి నేను మావెన్ అన్న బిల్డ్ టూల్‌ల డిపెండెన్సీ:గో-ఆఫ్‌లైన్ అని కొట్టిన, పేరే ఆఫ్‌లైన్ అని ఉంది గదా ఇంకేం కావాలె అనుకున్న. మావెన్ దించినవన్నీ పడే డాట్ ఎం2 ఫోల్డర్ మొత్తం డీవీడీల రాసి పంపిన. లోపల ఎంవీఎన్ -ఓ ప్యాకేజ్ అని కొడితే కంపైల్ మంచిగ అయింది, టెస్టుల దగ్గరికొచ్చి ఆగింది, ష్యూర్‌ఫైర్-జేయూనిట్-ప్లాట్‌ఫామ్ అన్న జార్ (జావా లైబ్రరీ ఫైల్) లేదు, ఆఫ్‌లైన్ మోడ్‌ల సెంట్రల్‌కు (నెట్‌ల ఉండే మావెన్ లైబ్రరీల గోదాంకు) పోలేను అని. కథేందంటే, ఆ ష్యూర్‌ఫైర్ అన్న ప్లగిన్ టెస్టులకు మీరు ఏ జేయూనిట్ వాడుతున్నరో టెస్ట్ నడిచేటప్పుడు చూసి అప్పుడు దానికి తగ్గ జార్ దించుకుంటది. గో-ఆఫ్‌లైన్‌కు ఆ ముచ్చట ముందుగాల తెల్వదు. ఒక్క చిన్న జార్ కోసం మళ్ల ఫారం, మళ్ల డీవీడీ, మళ్ల రెండు సంతకాలు. ఆ వారం రోజులు ఏం చెయ్యాల్నో తెల్వక మా టీం మొత్తం డాక్యుమెంటేషన్ రాసింది, మేనేజర్ ఒక్కడే ఖుషీ.

అప్పటి సంది నేను చేసేది ఇది. ఇంట్ల లాప్‌టాప్‌ల వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, లోపలి మెషీన్‌ల ఏ ఓఎస్ ఉందో అదే వెర్షన్, అదే జేడీకే, అదే మావెన్ వేసి ఒక జంట మెషీన్ తయారు చేసిన. నెట్ ఉన్నప్పుడు -డీమావెన్.రెపో.లోకల్ అని ఇచ్చి ఒక ఖాళీ ఫోల్డర్‌లకు ప్రాజెక్ట్ మొత్తం టెస్టులతో సహా ఒకసారి బిల్డ్ చేస్త. ఖాళీ ఫోల్డర్ ఎందుకంటే ఆ బిల్డ్‌కు నిజంగ ఏమేం కావాల్నో అవే అందుల పడ్తయి, పాత చెత్త రాదు. తర్వాత వర్చువల్‌బాక్స్‌ల నెట్‌వర్క్ కేబుల్ కనెక్టెడ్ అన్న టిక్ తీసేసి, టార్గెట్ ఫోల్డర్ డిలీట్ కొట్టి, ఆ ఫోల్డర్ ఒక్కటే పట్టుకుని -ఓ తోటి మళ్ల బిల్డ్. అది పచ్చగ వచ్చినంకనే డీవీడీ ముట్టుకుంట. ఇట్ల చేసినంక రెండేండ్లల ఒక్కసారి గూడ వాపస్ రాలే.

ఇంకో మోసం ఉంది, ఆ రెపో ఫోల్డర్ల _రిమోట్.రిపాజిటరీస్ అన్న చిన్న ఫైళ్లు ఉంటయి, ఈ జార్ ఫలానా రెపో నుంచి వచ్చింది అని మావెన్ రాసి పెట్టుకుంటది. లోపలి సెట్టింగ్స్‌ల ఆ రెపో పేరు వేరే ఉంటే జార్ కళ్ల ముంగట ఉన్నా లేదంటది. కాపీ చేసేముందు ఆ ఫైళ్లన్నీ వెతికి తీసేయుర్రి.

లినక్స్ మెషీన్లకైతే బయటి నుంచి తెచ్చేది తక్కువ. రెడ్‌హ్యాట్ 8 డీవీడీ ఐఎస్ఓల బేస్ఓఎస్, యాప్‌స్ట్రీమ్ అని రెండు ఫోల్డర్లుంటయి, జీసీసీ, జీడీబీ, మేక్, గిట్, ఓపెన్ జేడీకే అన్నీ అందుల్నే ఉన్నయి. ఓఎస్ వేసిన ఐఎస్ఓ సర్వర్‌ల అట్లనే పడి ఉంటది, దాన్ని మౌంట్ చేసి డాట్ రెపో ఫైల్‌ల బేస్‌యూఆర్ఎల్ ఫైల్ పాత్ ఇస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కించే డీఎన్ఎఫ్ కమాండ్ నెట్ ఉన్నట్టే పనిచేస్తది. మా దగ్గర ఒకాయన జీసీసీ ఆర్‌పీఎంల కోసం ఫారం నింపి పది రోజులు ఎదురుచూసిండు, ఆ ఐఎస్ఓ ఆయన కూర్చున్న మెషీన్‌లనే ఉండె.

మూడో నంబర్ అన్నా, నీకు సంతకాల బాధ లేదు గాబట్టి అదృష్టవంతునివి. అయినా జంట మెషీన్ మాట మాత్రం మర్చిపోకు.

ల్యాబ్_మూడో_నంబర్:

మాస్టారూ మీ దయ వల్ల ఒక సిస్టమ్‌లో పాండాస్ వచ్చిందండి, ఇంపోర్ట్ అనగానే ఏ ఎర్రరూ లేకుండా ఊరికే కింద లైన్‌కి వెళ్తే ఇంత ఆనందంగా ఉంటుందని ఇవాళే తెలిసింది.

కానీ కొత్త సమస్య. 36 లో 9 సిస్టమ్స్ విండోస్ 7 అని ఇవాళ గమనించా, చివరి వరస మొత్తం, పాత ల్యాబ్ మూసేసినప్పుడు తెచ్చి పెట్టినవి. వాటిలో 3.10 సెటప్ అసలు మొదలే అవ్వట్లేదు. ఎక్కడో చదివి 3.8 పెట్టా, మూడు సిస్టమ్స్‌లో ఎక్కింది, మిగతా వాటిలో ఏదో అప్‌డేట్ కావాలంటోంది. ఎక్కిన వాటికి వీల్స్ కోసం నా లాప్‌టాప్‌లో 3.12 తోనే --ప్లాట్‌ఫామ్ విన్_ఏఎండీ64 --పైథాన్-వెర్షన్ 3.8 --ఓన్లీ-బైనరీ=:ఆల్: అని ఇచ్చి దించా, చక్కగా సీపీ38 ఫైళ్లే వచ్చాయి. ల్యాబ్‌లో వేస్తే మ్యాట్‌ప్లాట్‌లిబ్ దగ్గర ఇంపోర్ట్‌లిబ్-రిసోర్సెస్ దొరకలేదు అంటోంది. అది నేను అడగనే లేదు కదండి, ఎక్కడి నుంచి ఊడిపడింది?

పెన్‌డ్రైవ్_మాస్టారు:

అబ్బో, మంచి గుంటలోనే కాలు పెట్టారు, దీంట్లో నేనూ పడ్డా.

ఆ --పైథాన్-వెర్షన్ అన్నది ఏ ఫైల్ దించాలో ఎంచుకోవడానికి మాత్రమే పనికొస్తుందండి. ఫలానా పైథాన్ కన్నా పాతదైతేనే ఇది కూడా కావాలి అని ప్యాకేజీలు షరతులు రాసుకుంటాయి చూశారా, ఆ షరతుల్ని పిప్ తను నడుస్తున్న పైథాన్‌తోనే సరిచూస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఏమందంటే 3.10 కన్నా పాత పైథాన్ అయితే నాకు ఇంపోర్ట్‌లిబ్-రిసోర్సెస్ కూడా కావాలి అంది. మీ పిప్ నడిచింది 3.12 లో, కాబట్టి అక్కర్లేదులే అని వదిలేసింది. ల్యాబ్‌కొచ్చాక 3.8 పిప్ చూసి ఏదీ అని అడిగింది. అది వస్తే దాని వెనకాల జిప్ అని ఇంకోటి (చివర్లో పీ రెండు సార్లు) అడుగుతుంది, కాబట్టి ఒక్కోటి అతికించుకుంటూ పోకండి. లాప్‌టాప్‌లో 3.8.10 కూడా వేసెయ్యండి, పీవై -3.8 అని దాంతోనే డౌన్‌లోడ్ చెయ్యండి. మూడు పైథాన్లు ఒకే లాప్‌టాప్‌లో ఉంటే కొట్టుకోవు. ఈ కారణం వల్లే మొన్న నేను ఆ ఫ్లాగులు చెప్పకుండా 3.10 వేసుకోమన్నా. పాండాస్ 2.0.3, నమ్‌పై 1.24.4 ఇవి 3.8 కి ఆఖరివి, మీ పిల్లల ల్యాబ్ ప్రోగ్రాములకి అవి చాలు.

విండోస్ 7 కి పైథాన్‌లో 3.8 యే ఆఖరు, 3.9 నుంచి తీసేశారు. సెటప్ అడుగుతున్న అప్‌డేట్ బహుశా కేబీ2533623 అయ్యుంటుంది, దానికన్నా ముందు ఎస్‌పీ1 ఉందో లేదో చూడండి. అదయ్యాక కూడా ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ అని మొదలయ్యే డీఎల్ఎల్ లేదు అంటే అది కేబీ2999226. ఆ డీఎల్ఎల్ పేరు పట్టుకుని గూగుల్ చేసి డీఎల్ఎల్ అమ్మే సైట్ల నుంచి మాత్రం దించకండి, ఆ సైట్లకన్నా మీ పెన్‌డ్రైవ్ వైరస్సే నయం.

వీఎస్ కోడ్ సంగతికొస్తే, మీరు వేసింది యూజర్ సెటప్. అది ఎవరి లాగిన్‌లో వేస్తే వాళ్ల యాప్‌డేటాలో దాక్కుంటుంది. సిస్టమ్ సెటప్ వేస్తే అందరికీ కనపడుతుంది గానీ ఎక్స్‌టెన్షన్లు మళ్లీ ఎవరి ప్రొఫైల్‌లో వాళ్లకే. ల్యాబ్‌కి నేను వాడేది జిప్ వెర్షన్. దాన్ని సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో విప్పి (ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వద్దు, స్టూడెంట్‌కి రాసే పర్మిషన్ ఉండదు), దాంట్లో డేటా అని ఖాళీ ఫోల్డర్ సృష్టించండి. అంతే, అది పోర్టబుల్ అయిపోతుంది, సెట్టింగ్స్, ఎక్స్‌టెన్షన్లు అన్నీ ఆ డేటాలోకే వెళ్తాయి. లాప్‌టాప్‌లో నెట్ ఉన్నప్పుడే పైథాన్, సీ/సీ++ ఎక్స్‌టెన్షన్లు దాంట్లో వేసేసుకుని ఆ ఫోల్డర్ మొత్తాన్ని ల్యాబ్‌కి కాపీ కొట్టండి. హెచ్‌ఓడీ గారు అన్నట్టు కాపీయే, ఇక్కడ మాత్రం ఆయన గెలిచారు.

వీఎస్ఐఎక్స్ ఫైళ్లు (ఎక్స్‌టెన్షన్ల సెటప్ ఫైళ్లు) విడివిడిగా తెచ్చుకుంటా అంటే పైథాన్ ఎక్స్‌టెన్షన్ ఒక్కటి సరిపోదు, పైలాన్స్, డీబగ్‌పై అని విడిగా ఉంటాయి, డీబగ్‌పై లేకపోతే ఎఫ్5 నొక్కినప్పుడు ఏడుస్తుంది. సీ ఎక్స్‌టెన్షన్‌కి విండోస్‌కి ఒకటి లినక్స్‌కి ఒకటి వేరుగా ఉంటుంది, చూసి తీసుకోవాలి. విండోస్ 7 వాటికి వీఎస్ కోడ్ 1.70 తో ఆగిపోయింది, కొత్త ఎక్స్‌టెన్షన్లు దాంట్లో ఎక్కవు. ఆ తొమ్మిదింట్లో వీఎస్ కోడ్ జోలికే పోకండి. పైథాన్‌కి ఐడిల్ దాంతోనే వస్తుంది, సీకి కోడ్‌బ్లాక్స్ 20.03 మింజీడబ్ల్యూ-సెటప్ అని పేరున్నది తీసుకోండి, కంపైలర్ లోపలే ఉంటుంది. పేరులో మింజీడబ్ల్యూ లేనిది తెచ్చుకుంటే ఎడిటర్ మాత్రమే వస్తుంది, ఈ పొరపాటు మా కాలేజీలో ఏటా ఎవరో ఒకరు చేస్తారు. మిగతా 27 కి విన్‌లిబ్స్ వాళ్ల జీసీసీ జిప్ తెచ్చి విప్పి పాత్‌లో బిన్ ఫోల్డర్ కలపండి. ఎంసిస్2 మంచిదే గానీ సెటప్ అయ్యాక జీసీసీ కోసం మళ్లీ నెట్ అడుగుతుంది.

మెషీన్_పక్క_పీసీ:

సందట్లో సడేమియా అన్నలూ, నాదీ ఇదే బాధ, కాకపోతే విజువల్ స్టూడియో. వైజాగ్‌లో ఫ్యాక్టరీలో మెషీన్ పక్కనుండే పీసీ, నెట్ ఇవ్వరు, సీ++ లో చిన్న మార్పు చేసి అక్కడే బిల్డ్ చెయ్యాలి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో దించితే 4 ఎంబీ ఫైల్ వచ్చింది, ఇంత చిన్నదేంటా అని మురిసిపోయా, తీరా అక్కడ నొక్కితే నెట్ లేదంటోంది.

సగం_నిద్ర:

ఇక్కడ డాలస్‌లో అర్ధరాత్రి, నిద్ర పట్టక చూస్తున్నా. అది బూట్‌స్ట్రాపర్ తమ్ముడూ, అసలు సరుకు దాంట్లో లేదు. నెట్ ఉన్న మెషీన్‌లో ఆ ఎగ్జీకే --లేఅవుట్ సీ:\వీఎస్ --యాడ్ మైక్రోసాఫ్ట్.విజువల్‌స్టూడియో.వర్క్‌లోడ్.నేటివ్‌డెస్క్‌టాప్ --ఇన్‌క్లూడ్‌రికమెండెడ్ --ల్యాంగ్ ఈఎన్-యూఎస్ అని ఇవ్వు. --యాడ్, --ల్యాంగ్ ఇవ్వకపోతే ప్రపంచంలో ఉన్నవన్నీ, అన్ని భాషల్లో దించుతుంది, పదుల జీబీలు. ఫోల్డర్ పేరు పొట్టిగా పెట్టు, ఆ పాత్ 80 అక్షరాలు దాటకూడదు, డెస్క్‌టాప్ మీద న్యూ ఫోల్డర్‌లో న్యూ ఫోల్డర్ అని పెడితే నీ ఖర్మ.

ఆ ఫోల్డర్‌ని తీసుకెళ్లేటప్పుడు జిప్ చేసి ఒకే ఫైల్ చేస్తే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ 4 జీబీ దగ్గర ఆపేస్తుంది, పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా స్థలం లేదన్నట్టు మాట్లాడుతుంది, ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేసుకో. లోపల సర్టిఫికెట్స్ అని ఫోల్డర్ ఉంటుంది, నెట్ లేని పీసీలో ముందు అవి ఇన్‌స్టాల్ చెయ్యి, తర్వాత సెటప్‌ని --నోవెబ్ తో నడుపు. చాలామంది ఆ సర్టిఫికెట్లు వదిలేసి సంతకం సరిపోలేదన్న ఎర్రర్‌తో రెండ్రోజులు కొట్టుకుంటారు. ఫ్యాక్టరీ పీసీ కాబట్టి తేదీ కూడా చూడు, మదర్‌బోర్డు మీద బటన్ సెల్ అయిపోయి 2009 అని చూపిస్తుంటే ఏ సర్టిఫికెట్ అయినా ఇంకా పుట్టనే లేదంటుంది.

ముఖ్యమైనది, కమ్యూనిటీ ఎడిషన్ పెట్టకు. 30 రోజుల తర్వాత సైన్ ఇన్ అవ్వమంటుంది, నెట్ లేని చోట సైన్ ఇన్ ఎలా అవుతావు. పైగా కంపెనీ వాడకానికి దానికి షరతులు వేరే ఉన్నాయి. కంపెనీని అడిగి ప్రొఫెషనల్ ప్రొడక్ట్ కీతో పెట్టించుకో, కీ అయితే నెట్ లేకుండానే తీసుకుంటుంది.

మెషీన్_పక్క_పీసీ:

అన్నా తేదీ నిజంగానే తప్పుగా ఉంది, 2009 కాదు 2012. దండం నీకు.

గేటు_బయట_ఫోన్:

మూడో నంబర్ అన్నా, ఏమాయె? ల్యాబ్ మొదలైందా?

ల్యాబ్_మూడో_నంబర్:

చెప్తా అండి, నవ్వకండి మాత్రం.

గేటు గారు చెప్పినట్టు ముందు ఒక్క సిస్టమ్‌నే జంట మెషీన్ అనుకుని బ్యాచ్ ఫైల్ పూర్తిగా దాని మీద నడిపి చూశా. రెండు తప్పులు అక్కడే దొరికాయి, షేర్ పాత్‌లో ఒక స్లాష్ తక్కువ, వీల్స్‌లో సైకిట్-లెర్న్ 3.8 ది రాలేదు. అవి సరిచేసి శుక్రవారం మధ్యాహ్నం నుంచి నేనూ, మా అటెండర్ గారబ్బాయీ కలిసి వరస వరసగా వేసుకుంటూ వెళ్లాం. రాత్రి ఏడున్నరకి 36 అయిపోయాయి. ప్రతి దాంట్లో ఇంపోర్ట్ పాండాస్ కొట్టి చూసి, మానిటర్ మీద చిన్న చుక్క స్టిక్కర్ అంటించి, గుండెల మీద చెయ్యేసుకుని ఇంటికెళ్లి పడుకున్నా.

సోమవారం పొద్దున తొమ్మిదికి ల్యాబ్ తెరిచి ఆన్ చేస్తే విండోస్ 10 ఉన్న ఏ ఒక్క సిస్టమ్‌లోనూ పైథాన్ లేదు. వీఎస్ కోడ్ లేదు. నేను పెట్టిన ఫోల్డరే లేదు. మానిటర్ల మీద స్టిక్కర్లు మాత్రం ఉన్నాయి. ఒక నిమిషం పాటు శుక్రవారం నేను ల్యాబ్‌కి వచ్చానా లేదా అని నాకే డౌటొచ్చింది. తర్వాత వెలిగింది, నాకన్నా ముందున్న టెక్నీషియన్ ఆ 27 సిస్టమ్స్‌కీ ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లాడట, రీస్టార్ట్ చేస్తే సీ డ్రైవ్ పాత స్థితికి వెళ్లిపోతుంది. పిల్లలు ఏం పాడు చేసినా మర్నాటికి బాగైపోతోందని ఇన్నాళ్లూ నేను విండోస్ 10 ని మెచ్చుకుంటున్నా.

ఆయనకి ఫోన్ చేసి పాస్‌వర్డ్ కనుక్కుని, ఫ్రీజ్ తీసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ అదే బ్యాచ్ ఫైల్. ఈసారి క్లాస్ పిల్లలనే లైన్లో పెట్టి ఎవరి సిస్టమ్ మీద వాళ్లని కూర్చోబెట్టా, నేను వరసగా వెళ్తూ అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టడమే. పొద్దున పదకొండుకల్లా అయిపోయింది. మళ్లీ ఫ్రీజ్ పెట్టాకే ఊపిరి పీల్చుకున్నా. చేత్తో వేసుంటే ఈ పాటికి రాజీనామా రాసేవాణ్ని.

వీల్స్, సెటప్‌లు, బ్యాచ్ ఫైల్ అన్నీ రెండు డీవీడీలు రాసి ఒకటి బీరువాలో, ఒకటి హెచ్‌ఓడీ గారి టేబుల్ సొరుగులో పెట్టా, సర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్ తో హ్యాష్‌లు కూడా కాగితం మీద రాసి డీవీడీ కవర్లో దూర్చా, ఇది గేటు గారి ప్రభావం.

చివరగా ఒక డౌట్ మాస్టారూ. క్లాస్ మొదలైన పావుగంటకే ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తి "సార్ సీబార్న్ లేదా" అంది. మేడం గారు నావైపు చూశారు, నేను గోడకి వేలాడుతున్న కేబుల్ వైపు చూశా. ఇంటికొచ్చి ఆ గ్రాఫుల లైబ్రరీ దించితే ఒక్కటే కొత్త ఫైల్, పేరు చివర పీవై3-నన్-ఎనీ అని ఉంది. అంటే 3.10 కీ 3.8 కీ ఇదే సరిపోతుంది కదా?

పెన్‌డ్రైవ్_మాస్టారు:

సరిపోతుందండి, దానికి కావలసిన బలగం మీ దగ్గర ఆల్రెడీ దిగే ఉంది. ఫ్రీజ్ తీశాకే వెయ్యండి.